మామగారూ, అన్నం ఇంకా ఉడకలేదు

ఆ రోజు ఉదయం అద్దం ముందు నిలబడి పెద్దల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి తమ కంపెనీ ఫోన్లకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ విడుదలవుతుంది. పదకొండింటికి తను ఆఫీసులోంచి బయటపడతాడు. పన్నెండింటికి మామగారింటికి చేరి, ఆయన ఫోనులో దాన్ని ఎక్కించి, ఒంటిగంటకు అందరితో కలిసి భోజనానికి కూర్చుంటాడు. ఆ రోజుతో మామగారికి డెబ్భై ఏళ్లు నిండుతాయి. భార్య ముందురోజే పుట్టింటికి వెళ్లింది. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. పెద్దల్లుడూ అలాగే అనుకున్నాడు, పాపం.

మామగారు ముప్ఫై అయిదేళ్లు స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. రైళ్లు ఆయన్ని వదిలేశాయి గాని గడియారం మాత్రం వదల్లేదు. లోకంలో ఉన్నది రెండే రకాల మనుషులని ఆయన నమ్మకం: వేళకు వచ్చేవాళ్లు, రానివాళ్లు. ఆయన అదృష్టమో గ్రహచారమో గాని ఇద్దరల్లుళ్లూ ఫోన్ల కంపెనీల్లోనే పనిచేస్తున్నారు. అవి కూడా ఒకే వీధిలో, ఎదురుబొదురుగా ఉన్న పోటీ కంపెనీలు. చిన్నల్లుడి కంపెనీ సిస్టమ్ చెప్పిన తేదీకి చెప్పినట్టు రెండు నెలల కిందటే వచ్చేసింది. పెద్దల్లుడి కంపెనీది అప్పటికి మూడుసార్లు వాయిదా పడింది. ఆనాటినుంచి మామగారు చిన్నల్లుణ్ణి ఎక్స్‌ప్రెస్ అనీ, పెద్దల్లుణ్ణి ప్యాసింజర్ అనీ పిలవడం మొదలుపెట్టారు. పిలిచినప్పుడల్లా పెద్దల్లుడు నవ్వేసేవాడు. నవ్వేసి, ఇంటికి వెళ్లాక భార్యతో గంటసేపు మాట్లాడేవాడు కాదు.

మామగారి చేతిలో ఉన్నది పెద్దల్లుడి కంపెనీ ఫోనే. అందులో తెలుగు అక్షరాలు చీమల బారులా ఉంటాయి. ఒక్కో వాక్యానికి ఆయన భూతద్దం తీయాలి. కొత్త సిస్టమ్‌లో అక్షరాలు పెద్దవి చేయించడం కోసం పెద్దల్లుడు ఎనిమిది నెలలు కనిపించినవాళ్లందరి కాళ్లూ పట్టుకున్నాడు. పోయిన నెలలో అందరిముందూ మాట కూడా ఇచ్చేశాడు, పుట్టినరోజునాటికి మామగారి చేత ఆ భూతద్దం పారవేయిస్తానని. చిన్నల్లుడు ఆ మాట విని ఏమీ అనలేదు. అనకపోవడమే పెద్దల్లుడికి ఎక్కువ గుచ్చుకుంది.

ఆఫీసులో అతణ్ణి అందరూ తెలుగాయన అంటారు. ఫోనులో కనిపించే ప్రతి మాటకూ తెలుగు రాయడం అతని పని. అతను రాసినదాన్ని సరిచూడడం మేనేజరమ్మ పని. ఆవిడకు తెలుగులో పోట్లాడడం వచ్చు గాని చదవడం రాదు. అందుచేత అక్షరాలు నూట అరవై దాటలేదు కదా, చివర చుక్క ఉంది కదా అని రెండే ప్రశ్నలు అడిగి ఆమోదించేస్తుంది. ఏడేళ్లుగా ఈ పద్ధతి ఏ ఆటంకమూ లేకుండా నడుస్తోంది.

పదింటికి సిస్టమ్ రాలేదు, మేనేజరమ్మ వచ్చింది. చివరి పరీక్షలో ఒక లోపం బయటపడిందట. ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్ల చెవిలో మాత్రం ఒక్కసారి మోగి, దానంతటదే కట్ అయిపోయి, అవతలివాళ్లకు "నేను ప్రస్తుతం మాట్లాడే స్థితిలో లేను" అని సందేశం పంపుతోందట. ఆ వాక్యం రాసింది కూడా తెలుగాయనే. పరీక్ష కోసం కొత్త సిస్టమ్ ఎక్కించిన ఫోన్లలో అతనిదీ ఒకటి. పొద్దుటినుంచి తనకు ఒక్క ఫోనూ రాకపోతే, ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నాడు అతను.

"మళ్లీ వాయిదా. ఎప్పటికో కూడా తెలీదు" అంది మేనేజరమ్మ. "అయిదు నిమిషాల్లో తెలుగు క్షమాపణ కావాలి. మన ఫోను వాడే అందరికీ వెళ్లాలి."

పెద్దల్లుడు కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. కళ్లముందు క్షమాపణ లేదు, భూతద్దం ఉంది. సరిగ్గా అప్పుడే కంప్యూటరు తెరమీద ఓ పక్కన తెరిచి ఉన్న కుటుంబం గ్రూపులో మామగారి సందేశం వచ్చి పడింది: "పది దాటింది అల్లుడూ. ఎక్స్‌ప్రెస్ రెండు నెలల కిందటే వచ్చింది. ప్యాసింజర్ ఏ స్టేషన్లో ఉంది?"

రెండు పెట్టెలూ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ తెల్లవే. ఉడుకుతున్న బుర్రతో పెద్దల్లుడు ఒక దాంట్లో ప్రజలకు క్షమాపణా, ఇంకో దాంట్లో మామగారికి జవాబూ టైపు చేశాడు. వెనకనుంచి మేనేజరమ్మ నూట అరవై దాటలేదు కదా అని అడిగింది. దాటలేదన్నాడు. చుక్క పెట్టావా అంది. పెట్టానన్నాడు. పంపించెయ్యమంది. రెండూ ఒకేసారి పంపించేశాడు. ఏది దేంట్లో టైపు చేశాడో చూసుకోలేదు.

మామగారింట్లో ఆ సమయానికి అత్తగారు ఒక్కరే ఉన్నారు. కూతుళ్లిద్దరూ బజారుకు వెళ్లారు. మామగారు ఆ సందేశం పంపి, పదీ పదికి స్నానాలగదిలోకి వెళ్లారు. పదిన్నరకు గాని బయటికి రారు. ఇల్లు కూలినా రారు. అత్తగారు తన ఫోను తీసి చూశారు. అది చిన్నల్లుడి కంపెనీది, అక్షరాలు బాగానే కనిపిస్తాయి. అందులో పెద్దల్లుడి పేరు కింద ఇలా ఉంది: "అనివార్య కారణాల వల్ల విడుదల నిరవధికంగా వాయిదా పడింది. చింతిస్తున్నాము. దయచేసి సహకరించగలరు."

ఇక్కడ అత్తగారిని తప్పుపట్టడానికి లేదు. రెండు నెలలుగా ఇంట్లో అందరూ అన్న మాట రిలీజు. విడుదల అని రాసేవాడు లోకం మొత్తంమీద ఆ పెద్దల్లుడొక్కడే. ఆవిడకు తెలిసిన విడుదలలు రెండు, ఒకటి ఆసుపత్రినుంచి, ఇంకోటి జైలునుంచి. ఇక వాయిదా అనేది కోర్టువాళ్ల మాటని అందరికీ తెలుసు. ఆవిడ వెంటనే అల్లుడికి ఫోన్ చేశారు. ఒక్కసారి మోగి ఆగిపోయింది. మరుక్షణం సందేశం వచ్చింది: "నేను ప్రస్తుతం మాట్లాడే స్థితిలో లేను." ఆవిడ మళ్లీ చేశారు. మళ్లీ అదే. మూడోసారికి పోలీసులు కొట్టారేమో కూడా అన్న అనుమానం వచ్చింది.

స్నానాలగది తలుపు కొడితే లోపలినుంచి మామగారు ఇంకా పన్నెండు నిమిషాలుందని జవాబిచ్చారు. కూతుళ్ల ఫోన్లు హాల్లో బల్లమీదే మోగాయి. ఇక చిన్నల్లుడే దిక్కు. అతను మీటింగులో ఉండి కూడా ఫోను ఎత్తాడు.

"బాబూ, అన్నయ్యని లోపలేశారు" అన్నారు అత్తగారు. "విడుదల వాయిదా పడిందట. మాట్లాడే స్థితిలో కూడా లేడు. నువ్వు దగ్గర్లోనే ఉన్నావు కదా, కాస్త వెళ్లి విడిపించుకురా."

చిన్నల్లుడు నిమ్మళమైన మనిషే. కానీ అత్తగారు ఏడవడం అతను ఎప్పుడూ వినలేదు. మీటింగు మీటింగులాగే వదిలేసి, మెట్లు రెండేసి దిగి, వీధి దాటి, ఎదుటి కంపెనీ గేటు దగ్గరికి రొప్పుతూ చేరాడు. మెడలో తన కంపెనీ బిళ్ల వేలాడుతూనే ఉంది. దాన్ని అతను మర్చిపోయాడు గాని గేటు దగ్గరి గార్డులు చూశారు. ఎందుకొచ్చావని అడిగారు.

"విడుదల ఎందుకు ఆగిందో నాకు తెలియాలి" అన్నాడు చిన్నల్లుడు. "ఎవరు ఆపారో చెప్పండి. తెలిసేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

కంపెనీ రహస్యం ఇంత నేరుగా అడిగిన గూఢచారిని గార్డులు తమ ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. చెరో రెక్కా పట్టుకుని తీసుకెళ్లి, వచ్చినవాళ్ల సంచులు భద్రపరిచే గదిలో కూర్చోబెట్టి తాళం వేశారు.

పైన మూడో అంతస్తులో మేనేజరమ్మ ఫోను పట్టుకుని పెద్దల్లుడి దగ్గరికి వచ్చింది. ఆవిడ ముఖంలో రంగు లేదు. ప్రజలనుంచి జవాబులు వందల్లో వస్తున్నాయట, అన్నీ తెలుగులోనే ఉన్నాయట, చదివి చెప్పమంది. అసలు నువ్వు రాసిందేంటో ముందు అది చదవమంది. పెద్దల్లుడు తెర చూశాడు. చూసి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఆ ఉదయం లక్షలాది ఫోన్లలోకి కంపెనీ ముద్రతో వెళ్లిన అధికారిక ప్రకటన ఇది:

"మామగారూ, అన్నం ఇంకా ఉడకలేదు. ఉడక్కముందే వడ్డించినవాళ్లింట్లో అందరూ కడుపు పట్టుకు తిరుగుతున్నారట. ఉడికాక మొదటి ముద్ద మీకే. తొందరపెట్టకండి."

అతను పైకి చదివాడు. మేనేజరమ్మ ఆ ప్రకటన ఎంతమందికి వెళ్లిందో తన ఫోనులో చూసింది. తర్వాత మెల్లగా, ఇంతమందికి అల్లుడివైపోయావన్నమాట అంది. తన ఉద్యోగం సాయంత్రానికి ఉండదని పెద్దల్లుడికి అర్థమైంది. అంతకన్నా పెద్ద బాధ ఇంకోటుంది. మామగారికిచ్చిన మాట ఎలాగూ పోయింది, ఇప్పుడు ఉన్న ఉద్యోగమూ పోగొట్టుకుని, ఏ ముఖంతో ఒంటిగంటకు ఆయన ముందు కూర్చోవడం?

అయినా మేనేజరమ్మ అడిగింది కాబట్టి జవాబులు చదవడం మొదలుపెట్టాడు. మొదటిది ఎవరో పెద్దాయన రాసింది: "పర్లేదు అల్లుడూ. మెతుకు పట్టుకుని చూసి మరీ దించు." ఇంకొకామె, తను మామగారు కాదు అత్తగారిననీ, తనకూ ఒక ముద్ద తీసి ఉంచమనీ రాసింది. ఒక కాలేజీ పిల్లవాడు, నాకింకా పెళ్లే కాలేదు, అప్పుడే అల్లుడా అని రాశాడు. కిందటి మూడుసార్లూ క్షమాపణకు తిట్టాననీ, ఈసారి మాత్రం ఆకలేస్తోందనీ ఒకాయన ఒప్పుకున్నాడు. ఎదుటి కంపెనీ ఫోను వాడేవాళ్లు కూడా వరసలో నిలబడ్డారు. ఆ కడుపు పట్టుకు తిరుగుతున్నవాళ్లం మేమే, కొత్త సిస్టమ్ ఎక్కించినప్పటినుంచీ మా అలారం గంట ఆలస్యంగా మోగుతోందని గోల పెట్టారు. చదివే కొద్దీ పెద్దల్లుడి గొంతులో ప్రాణం వచ్చింది. మేనేజరమ్మ ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. మూడు వాయిదాల్లో ఒక్క మంచి మాట ఎరగని కంపెనీ అది.

అంతలో గేటునుంచి కబురొచ్చింది, ఎదుటి కంపెనీ మనిషి వచ్చాడని. మేనేజరమ్మ మళ్లీ తెల్లబోయింది. ఉడకని అన్నం మాట వాళ్లకు తగిలిందనీ, కేసు వేయడానికే మనిషిని పంపారనీ ఆవిడ తేల్చేసింది. వెళ్లి కాళ్లో గడ్డమో పట్టుకుందామని పెద్దల్లుణ్ణి వెంటబెట్టుకుని కిందికి దిగింది. గార్డు తాళం తీశాడు. సంచుల మధ్య స్టూలుమీద కూర్చున్న తోడల్లుడు లేచి నిలబడ్డాడు.

"అన్నయ్యా, నిన్ను కొట్టారా?" అన్నాడు.

ఎవరు, ఎందుకు కొడతారని పెద్దల్లుడు అడిగాడు. విషయం మొత్తం బయటపడడానికి పది నిమిషాలు పట్టింది. రెండు నెలలుగా ఏ మనిషి పేరు చెబితే తనకు అన్నం సయించేది కాదో, ఆ మనిషి ఉద్యోగం సంగతి కూడా చూసుకోకుండా తన కోసం శత్రువుల గేటులోకి పరిగెత్తుకొచ్చాడు. పెద్దల్లుడికి సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా సంతోషం వేసింది. అతణ్ణి గట్టిగా కావలించుకున్నాడు. గార్డు ఒక కాగితం తెచ్చి, ఈ మనిషిని నీ పూచీమీద వదులుతున్నామని సంతకం పెట్టించుకున్నాడు. మేనేజరమ్మ మాత్రం, ఇకనుంచి ఆలస్యమైతే చెప్పే మాటలన్నీ ఆ మామగారికే రాస్తున్నట్టు రాయమంది. ఇవాళ్టికి ఇంటికి పొమ్మంది.

ఒంటిగంటకు రెండు నిమిషాలుందనగా తోడల్లుళ్లిద్దరూ కలిసి గుమ్మంలో అడుగుపెట్టారు. చిన్నల్లుడు ముందే ఫోన్ చేసి అంతా క్షేమమని చెప్పినా, అత్తగారు పెద్దల్లుడి చేతులు తడిమి చూసుకున్నారు. మామగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఆ భూతద్దం. పెద్దల్లుడు తల దించుకుని, మాట నిలబెట్టుకోలేకపోయాను మామగారూ అన్నాడు.

"ఇదిగో, నీ కంపెనీవాళ్లు నాకు మామగారూ అని వరస పెట్టి మరీ ఉత్తరం రాశారు" అన్నారు మామగారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. పొద్దుటినుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించారట. "లైను క్లియర్ లేకుండా బండి వదిలేవాడు మొనగాడు కాదు అల్లుడూ. ఆలస్యమని మర్యాదగా చెప్పి ఆపేవాడే స్టేషన్ మాస్టరు. ఈ భూతద్దం ఇంకో నెల ఉంటే నాకు బరువా?"

ఆ ఉత్తరం ఇంకెంతమందికి వెళ్లిందో చెప్పడానికి పెద్దల్లుడికి నోరు రాలేదు. చిన్నల్లుడు కూడా చెప్పలేదు. చెప్పగలిగీ చెప్పకపోవడం ఈసారి ఎవరికీ గుచ్చుకోలేదు. మామగారు ఇక ప్యాసింజర్ అనరని పెద్దల్లుడికి నమ్మకం కుదిరింది. ఆనందం పట్టలేక అన్నాల దగ్గర జైలు కథంతా తనే చెప్పాడు. అక్కచెల్లెళ్లు నవ్వి నవ్వి విస్తళ్ల ముందునుంచి లేచిపోయారు. అత్తగారు కూడా చివరికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. మామగారు మాత్రం నవ్వకుండా శ్రద్ధగా విని, చిన్నల్లుణ్ణి తాళం తీసి వదిలింది ఎన్నింటికని అడిగారు. పదకొండూ పదికన్నాడు పెద్దల్లుడు.

మామగారు గోడ గడియారంకేసి చూసి, తల పంకించి, "అయితే ఇక్కడ కూడా ముందు విడుదలైంది చిన్నల్లుడే" అన్నారు.