పడిపోడాల ఫిల్ము

ఆ శనివారం పొద్దున్న కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, రమణమూర్తి తను రాసుకున్న నాలుగు పేజీల వ్యాఖ్యానాన్ని మూడోసారి పైకి చదువుకున్నాడు. విశాఖ రేవు పక్కనున్న ఒక ఇంజనీరింగ్ కంపెనీలో అతను సేఫ్టీ ఇన్‌స్పెక్టరు. ఏటా మార్చిలో భద్రతా వారోత్సవమంటూ ఉపన్యాసమిస్తాడు, కార్మికులు హాయిగా నిద్రపోతారు. డెబ్బై ఎనిమిదిలో మాత్రం అలా కుదిరేట్టు లేదు. రెండు నెలల్లో ఐదుగురికి దెబ్బలు తగిలాయి. ఇంకొకరికి తగిలితే సేఫ్టీ సెక్షనే ఎత్తేస్తానని మేనేజరు శ్రీరామ్మూర్తిగారు నవ్వకుండా చెప్పారు. ఆయన ఏ సంగతీ నవ్వుతూ చెప్పరు.

అందుకే మద్రాసు నుంచి ఒక ఫిల్ము అద్దెకు తెప్పించాడు. ఎత్తు మీద పనిచేసేవాళ్ళు ఎలా పడిపోతారో చూపిస్తుందట. అందులో మాటలుండవు కాబట్టి మాటలు తను చెబుతాడు.

"పడిపోడాలేనా అందులో? సూసినావా?" అని ప్రొజెక్టరు తిప్పే వరహాలును అడిగాడు.

"ఓ మూర సాగదీసి ఎలుగులో ఎట్టి సూసినాను బాబూ. ఎక్కడ సూసినా పడిపోడాలే."

రమణమూర్తి తృప్తిపడ్డాడు.

సాయంత్రం క్యాంటీను హాల్లో కిటికీలు మూసి దీపాలు ఆర్పారు. రమణమూర్తి తెరకు వీపు పెట్టి నిలబడి, టార్చిలైటు వెలుగులో చదవడం మొదలుపెట్టాడు.

"ఇతను ఇరవై ఏళ్ళ అనుభవమున్న కార్మికుడు. నడకలో ఇతని జాగ్రత్త గమనించండి."

తెర మీద టై కట్టుకున్న పిల్లి ఒకటి, పొడవాటి చెక్క పలక భుజాన పెట్టుకుని గంతులేస్తూ వస్తోంది. ఎప్పటిదో పాత కార్టూను బొమ్మ, నలుపూ తెలుపూ. వెనక నుంచి బాతు పిలిచింది. పిల్లి గిర్రున తిరిగింది. పలక వెళ్ళి నిచ్చెన మీద రంగులేస్తున్న కుక్కకి తగిలింది. రంగు డబ్బా పిల్లి నెత్తిన బోర్లాపడింది.

హాలంతా గొల్లున నవ్వింది. తనను వెక్కిరిస్తున్నారనుకుని రమణమూర్తి గొంతు పెంచాడు. "నవ్వకండి. ఇతనికి భార్యాపిల్లలున్నారు."

కళ్ళు కనపడని పిల్లి పార మీద కాలేసింది. పార కర్ర లేచి ముక్కు మీద కొట్టింది. జనం బల్లలు చరుస్తున్నారు.

"బాబూ, ఓపాలి ఎనక్కి సూడండి" అన్నాడు ముందు వరసలో దాలయ్య. జాలారిపేట నుంచి వచ్చి కంపెనీలో పలకలు మోస్తాడు.

రమణమూర్తి వెనక్కి చూశాడు. చూసి ప్రొజెక్టరు వైపు పరుగెత్తాడు. కాలికి వైరు చుట్టుకుంది. ఆసరాకని, అందరికీ చూపించడానికి నిలబెట్టిన నిచ్చెనను పట్టుకున్నాడు. నిచ్చెన జారి, మంటలార్పడానికి గోడకు వేలాడదీసిన ఇసుక బకెట్టును తన్నింది. బకెట్టు ఇసుకతో సహా అతని నెత్తిన దిగింది.

"ఆపు" అని బకెట్టు లోపలి నుంచి అరిచాడు. వరహాలుకు చివరి 'పు' ఒక్కటే వినబడింది. 'తిప్పు' అంటున్నారనుకుని, రీలు మొదటికి చుట్టి మళ్ళీ వేశాడు. తెరను చూడాలో ఇన్‌స్పెక్టరుగారిని చూడాలో తెలియక జనం సతమతమయ్యారు. శ్రీరామ్మూర్తిగారు రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని చరచరా బయటికి నడిచారు.

"పడేది పిల్లి అని సెప్పలేదేటి?" అని రమణమూర్తి తర్వాత నిలదీస్తే, "పడిపోడాలేనా అనడిగినారు గాని, ఎవులు పడతన్నారని అడగలేదు బాబూ" అన్నాడు వరహాలు.

ఆదివారం రమణమూర్తికి అన్నం సయించలేదు. భార్య కనకరత్నం అతని చెవుల్లోంచి ఇసుక తీస్తూనే ఉంది.

సోమవారం పదింటికి మేనేజరు పిలిచారు. గదిలో దాలయ్య నిలబడి ఉన్నాడు.

"పొద్దుట షిఫ్టులో పలక బుజానేసుకుని ఎల్తన్నాను బాబూ. ఎనక నించి ఎవులో పిలిసినారు. తిరగబోయినాను. అప్పుడే ఆ పిల్లి గుర్తొచ్చింది, ఆగిపోనాను. పలక దింపి సూద్దును గదా, పక్కనే నిచ్చెన మీద మా బావ తాతబాబు, మా అప్ప పెనిమిటి. ఇరవై అడుగుల పైన." దాలయ్య చెయ్యెత్తి ఆ ఎత్తు చూపించాడు. "తిరిగుంటే మా అప్పకి నానేటి సెప్పుదును?"



"పలకతో తిరగొద్దని మీరు ఏటా సెప్తన్నారు బాబూ. మంచిగానే సెప్తన్నారు. గాని గుర్తుండదు. పిల్లి గుర్తుండిపోనాది" అని దాలయ్య చేతులు జోడించాడు.

రమణమూర్తి కూడా చేతులు జోడించాడు. ఏ దేశంలోనో ఎప్పుడో ఒక మనిషి కూర్చుని, ఆ పిల్లికి ఒక్కొక్క దెబ్బనూ ఓపిగ్గా గీసి ఉంటాడు. విశాఖపట్నమనే ఊరుందని కూడా ఆయనకు తెలిసి ఉండదు. ఆ నమస్కారం సగం ఆయనకే.

దాలయ్య వెళ్ళాక శ్రీరామ్మూర్తిగారు అడిగారు. "శనివారం నేను లేచి వెళ్ళిపోయానని బెంగపెట్టుకున్నారా?"

"అవునండి."

"కార్మికుల ముందు మేనేజరు పడీపడీ నవ్వకూడదు. స్టోరు వెనక్కి వెళ్ళి నవ్వుకున్నాను. మా అమ్మ పోయాక నవ్వడం అదే మొదటిసారి." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "అన్ని షిఫ్టులవాళ్ళకీ చూపించండి. బకెట్టు సంగతి మీ ఇష్టం."

పదిహేను రోజులకు మద్రాసు నుంచి క్షమాపణ ఉత్తరంతో అసలు ఫిల్ము వచ్చింది. రమణమూర్తి పెట్టె విప్పకుండానే దాన్ని తిప్పి పంపిస్తూ, వచ్చే ఏడు కూడా మా యందు దయయుంచి ఇటువంటి పొరపాటే చేయవలసిందిగా కోరుతూ జాబు రాశాడు.