వేయించిన కోడి, పోయిన బావమరిది

బుధవారం పొద్దున్న ఎర్లీన్ చర్చిలో పాటల సాధనకు బయలుదేరుతూ పొయ్యి మీది గిన్నె చూపించింది.

"గుమ్మడికాయ ఉడికించి పెట్టాను. ఉప్పు కలుపుకోకు. డాక్టర్ ఏం చెప్పాడో గుర్తుంది కదా?"

"ఎలా మర్చిపోతాను?" అన్నాడు ఆమె భర్త క్లియోటిస్ హార్‌గ్రోవ్. నలభై రోజులుగా ఉడికించింది తప్ప మరొకటి తినని మనిషి గొంతు అది.

మిసిసిపీలోని ఆ చిన్న ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపి రిటైరయ్యాడతను. రెండు తరాల పిల్లల అల్లరిని తట్టుకున్నవాడు గుమ్మడికాయ ముందు చేతులెత్తేశాడు. ఎర్లీన్ కారు మలుపు తిరగగానే టోపీ పెట్టుకున్నాడు. బుధవారమంటే మిస్ వెర్నెల్ హోటల్లో వేయించిన కోడి. ముందు రోజే మజ్జిగలో నానబెట్టి, పిండిలో దొర్లించి, ఇనుప మూకుడులో వేయిస్తుందావిడ. ఎర్లీన్ వచ్చేది రెండింటికి. ఈలోగా వెళ్ళి తినేసి, వచ్చి మూతి కడుక్కుంటే దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. దేవుడు ఎర్లీన్‌కి చెప్పడు.

మూల బల్ల దగ్గర గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ప్లేటు వచ్చింది. రెండు కోడి కాళ్ళు, చీజ్ కారుతున్న మాకరోనీ, పంది ముక్కతో ఉడికించిన ఆకుకూర, వేడి వేడి మొక్కజొన్న రొట్టె. క్లియోటిస్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. చాలాకాలం తర్వాత మనస్ఫూర్తిగా చేసిన ప్రార్థన. కోడి కాలు అందుకుని నోటి దాకా తెచ్చాడు.

"బ్రదర్ క్లియోటిస్!"

వాళ్ళ చర్చి సిస్టర్ డెలోరిస్. పోయిన ఆదివారం ఎర్లీన్ చర్చిలో నిలబడి, తన భర్త రక్తపోటు కోసం ప్రార్థించమనీ, అతను నూనె తిండి తింటూ కనబడితే తనకు చెప్పమనీ కోరింది. ప్రార్థన సంగతేమో గాని, రెండో పనిని డెలోరిస్ గుండెల మీద చెయ్యి వేసుకుని ఒప్పుకుంది.

"ఏంటిది? ఎవరికిది?"

"నాక్కాదు సిస్టర్," కోడి కాలు మెల్లగా ప్లేట్లోకి దించాడు. "పట్టుకెళ్ళడానికి. సరిగ్గా వేగిందో లేదో చూస్తున్నా."

"పట్టుకెళ్ళడానికా? ఎక్కడికి?"

ఆ ఊళ్ళో మనిషి ఇంత కోడిని ప్రశ్నల్లేకుండా మోసుకెళ్ళగలిగే చోటు ఒక్కటే.

"చావు ఇంటికి," అన్నాడు క్లియోటిస్. ఎవరైనా పోతే ఆ ఇంటికి ఊరంతా వండి పట్టుకెళ్ళడం అక్కడి ఆనవాయితీ.

"అయ్యో దేవా! ఎవరు పోయారు?"

ఊళ్ళోవాళ్ళ పేరు చెబితే సాయంత్రానికల్లా ఆ మనిషే ఎదురొస్తాడు. దూరంగా ఉండేవాడు కావాలి, ఎవరూ వెళ్ళి చూడనివాడు కావాలి. అతని బుర్ర గంట ప్రయాణం చేసి మెరిడియన్ దాకా వెళ్ళింది.

"థాడియస్. మా ఎర్లీన్ తమ్ముడు."

డెలోరిస్ కుర్చీలో కూలబడి, అదే ఊపులో ఫోను తీసింది. వంటింట్లోంచి మిస్ వెర్నెల్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వచ్చీ రావడంతోనే అతని ముందున్న ప్లేటు తీసేసింది.

"చావు ఇంటికి ఒక్క ప్లేటు పంపిస్తే నా ముఖాన ఉమ్మరూ? పెద్ద ట్రే కట్టిస్తా ఉండు. నువ్వు ఏమన్నా తిన్నావా నాన్నా?"

క్లియోటిస్ ఆశగా తలెత్తాడు. "ఇంకా లేదమ్మా."

"ఎలా తింటావులే, ఇంత దుఃఖంలో," అని ఆవిడే జవాబు చెప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నలభై ముక్కల ట్రే వెనక సీట్లో పెట్టుకుని ఇంటికి బయలుదేరాడు. దారిలో ఒక్కటి, ఒకే ఒక్కటి తిందామని చెయ్యి వెనక్కి చాపి అద్దంలోకి చూశాడు. డెలోరిస్ కారు లైట్లు వేసుకుని వెనకే వస్తోంది. దాని వెనక ఇంకో మూడు. ఎదురొచ్చే వాళ్ళు శవయాత్ర అనుకుని బండ్లు పక్కకు తీసి ఆపుతున్నారు. ట్రాక్టర్ మీది ముసలాయన ఒకడు టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. క్లియోటిస్ చెయ్యి వెనక్కి తీసుకుని స్టీరింగ్ మీద పెట్టాడు.

డెలోరిస్ ఫోను అందుకుని సాధన మధ్యలోనే వచ్చేసిన ఎర్లీన్ అప్పటికే ఇంటి ముందు వరండాలో ఉంది. పాటలవాళ్ళ అంగీ కూడా విప్పలేదు. ఆమె ముఖం చూసేసరికి అతనికి కోడి మీది ఆశ చచ్చిపోయింది.

"తొమ్మిదేళ్ళు, క్లియోటిస్! అమ్మ పోయిన రోజున నేను పీచ్ పళ్ళతో చేసిన తీపి, ఆ కాబ్లర్ తిని 'అమ్మ చేతి రుచి రాలేదక్కా' అన్నాడు. అంతే కదా వాడన్నది! నిజంగానే రాలేదు. నాకూ తెలుసు రాలేదని. దానికి తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు నేను."

"ఎర్లీన్, నీకో మాట చెప్పాలి—"

"వద్దు. నాకంటే ముందు డెలోరిస్‌కి ఎందుకు చెప్పావో నాకు తెలుసు. నా ముఖం చూసి చెప్పలేకపోయావు. ఎంత మెత్తటి మనసయ్యా నీది!" అని అతని భుజం మీద పడి ఏడ్చింది.

ఇంతలో సంఘమంతా దిగింది. ఒకరి చేతిలో మాకరోనీ, ఒకరి చేతిలో కేకు, ఇంకొకరి చేతిలో కాల్చిన పంది తొడ. డాక్టర్ వద్దన్నవన్నీ వరసగా అతని ముక్కు ముందు నుంచే బల్ల మీదికి చేరాయి. చివరగా పాస్టర్ టాలీ వచ్చాడు. క్లియోటిస్ ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"పాస్టర్‌గారూ, థాడియస్ పోలేదండీ."

పాస్టర్ కళ్ళు చెమర్చాయి. గదివైపు తిరిగి చెయ్యెత్తాడు. "విన్నారా ఈ సహోదరుడి విశ్వాసం! థాడియస్ పోలేదు! ప్రభువు ఇంట్లో బతికే ఉన్నాడు!"

"ఆమెన్!" అంది గదంతా.

"అది కాదండీ, నిజంగానే పోలేదు—"

"నిజంగానే పోలేదు!" ఈసారి పాస్టర్ గొంతుకు కిటికీలు అదిరాయి. ఎవరో పాట ఎత్తుకున్నారు.

పాట రెండో చరణంలో ఉండగా తలుపు తెరుచుకుంది. నల్ల సూటు, చేతిలో తెల్ల పూలు, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. గుమ్మంలో థాడియస్.

"అక్కా! బావ పోయాడంటగా!"

పాట ఎక్కడిదక్కడ ఆగింది. థాడియస్ చూపు మెల్లగా తిరిగి క్లియోటిస్ మీద ఆగింది.

"బావా! నువ్వు పోయావు కదా!"

"నేనెందుకు పోతాను? పోయింది నువ్వు!" అన్నాడు క్లియోటిస్, ఆ పూట అబద్ధం తప్ప మరొకటి అలవాటు లేని నోటితో.

డెలోరిస్ నెమ్మదిగా చెయ్యెత్తింది. మెరిడియన్‌లో దుఃఖంలో ఉన్న ఇంటికి సానుభూతి చెబుదామని ఫోన్ చేసింది ఆవిడే.

"ఎవరో ఆవిడ ఏడుస్తూ, 'క్లియోటిస్ వాళ్ళ కుటుంబంలో చావు' అని ఫోను పెట్టేసింది," అన్నాడు థాడియస్. "ఇంట్లో ఉండేది మీరిద్దరు. అక్క అనుకోడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. అందుకని నువ్వే అనుకున్నా బావా. తప్పుగా అనుకోకు."

ఎర్లీన్ వెళ్ళి తమ్ముడి చెంప మీద ఒకటి కొట్టింది. వెంటనే ఆ చెంపనే ముద్దు పెట్టుకుంది. తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఏడుపులో ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైన ముక్క ఒకటే: "ఆ రోజు నీ కాబ్లర్ రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాను కదే అక్కా!"

అప్పుడు అడిగింది డెలోరిస్: "మరి థాడియస్ పోయాడని నాకు చెప్పిందెవరు?"

అందరూ అటే చూశారు. క్లియోటిస్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు.

"కోడి కోసం," అన్నాడు.

నవ్వాలో కొట్టాలో తేల్చుకోలేక ఎర్లీన్ వంటింటి ఏప్రన్ తెచ్చి అతని మెడలో వేసింది. ఇంతమందికీ వడ్డించడం అతని వంతయింది. పోయినవాడని కాబోలు థాడియస్‌కి మొదటి వడ్డన. అతను ఒక్కడే ఆరు ముక్కలు తిన్నాడు. వరస చివరికి వచ్చేసరికి ట్రేలో కాగితం మిగిలింది.

సాయంత్రం జనం వెళ్ళాక థాడియస్ బూట్లు విప్పి సోఫాలో కాళ్ళు చాపాడు. పెళ్ళాం పోయాక మెరిడియన్‌లో తనకెవరూ లేరనీ, మీ వెనక గది ఖాళీగానే ఉంది కదా అక్కా అనీ అన్నాడు. ఎర్లీన్ అప్పటికే దుప్పట్లు దులుపుతోంది.

ఎన్నాళ్ళుంటాడో క్లియోటిస్ అడగలేదు. ఒక మనిషిని ఒకే రోజు రెండుసార్లు పంపించడం ఏం బాగుంటుంది?