రెండవ చెవి పోస్టు

విదేశీ వార్తా ప్రసారాల పర్యవేక్షణ శాఖ, సూరత్ ఉపకార్యాలయానికి వరుసగా రెండో ఏడు కూడా దోషరహిత కార్యాలయమన్న ప్రశంసాపత్రం లభించింది. ఈ రెండేళ్ళలో, ఆదివారాలతో సహా, ఆ కార్యాలయం ఢిల్లీకి ఏడువందల ముప్ఫై నివేదికలు పంపింది. ఒక్కదానిలోనూ తప్పు దొర్లలేదు. అన్నింటిలోనూ ఉన్నది ఒకే మాట కనుక దొర్లే అవకాశమూ లేదు: "ప్రసారం 1.15కు మొదలై 1.30కి ముగిసింది. ప్రత్యేకం ఏమీ లేదు."

ఈ కార్యాలయం ఎక్కడుందో సూరత్‌లో చాలామందికి తెలియదు. పాండేసరలో రంగుల మిల్లుల వెనక ఒక పాత భవనం, రెండో అంతస్తు. సముద్రం దగ్గర కనుక పరదేశపు మాట ఇక్కడ తొందరగా చేరుతుందని పెద్దలెవరో నిర్ణయించారట. ఒక గల్ఫ్ దేశపు రేడియో తమ దగ్గర పనిచేసే మన కూలీల కోసం రోజూ మధ్యాహ్నం పావుగంట తెలుగులో వార్తలు చదువుతుంది. ఆ తెలుగు వార్తలను ఒక తెలుగు మనిషి విని, తెలుగులో రాసి, ఆఫీసరు భుజంగరావు గారికి ఇవ్వాలి. ఆయన దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఢిల్లీకి పంపాలి. ఢిల్లీలో దాన్ని ఎవరు చదవాలన్నది మార్గదర్శకాల్లో లేదు.

మార్గదర్శకాలంటే నలభై ఆరు పేజీల పుస్తకం. సంపాదకీయ భాగం ఒకటి, కార్యనిర్వహణ భాగం ఒకటి. భుజంగరావు గారు దానికి ప్లాస్టిక్ అట్ట వేయించి, దేవుడి పటం కింద పెట్టుకున్నారు. శ్రోత విన్నది మాత్రమే రాయాలి, నమ్మరాదు. వింటూ నిట్టూర్చరాదు. యుద్ధానికి ముందు 'ఆరోపిత' అన్న మాట చేర్చాలి; భూకంపానికి కూడా చేర్చడం క్షేమం. అధికారం లేనివారు విన్నది వినబడనట్టే పరిగణించాలి. ప్రతి అంశాన్నీ రెండవ చెవి ధ్రువీకరించాలి. రెండవ చెవి అనేది ఒక పోస్టు. కార్యాలయం పుట్టిన నాటి నుంచి అది ఖాళీగానే ఉంది.

మొదటి చెవి లింగమూర్తి. జగిత్యాల వైపు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళు సూరత్ మరమగ్గాల మీద పనిచేసినవాడు. వాళ్ళ మాటలో మరమగ్గాన్ని సాంచ అంటారు. ముప్ఫై ఏళ్ళ పాటు రోజుకు పన్నెండు గంటలు సాంచల చప్పుడులో నిలబడ్డ మనిషి చెవులకు ఏమవుతుందో ఆ బస్తీలో ఎవరిని అడిగినా చెబుతారు, ఎదురుగా నిలబడి అడిగితే. అక్కడ పనిచేసేవాళ్ళు గొంతుతో మాట్లాడుకోరు. పెదాలు ఆడిస్తారు, పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. లింగమూర్తి అందులో పండితుడు.

ఇంటర్వ్యూ రోజున కిటికీ బయట రోడ్డు తవ్వుతున్నారు. నలుగురు పట్టభద్రులు మాటిమాటికీ అటు తిరిగారు. లింగమూర్తి ఒక్కడే రెప్ప వేయకుండా భుజంగరావు గారి మొహం వైపు చూస్తూ కూర్చుని, అడిగిన మూడు ప్రశ్నలకూ సరిగ్గా జవాబు చెప్పాడు. "శ్రోత పరిసర శబ్దాలకు చలించరాదు" అన్న తొమ్మిదో నిబంధనకు ఇంతకంటే తగిన మనిషి దొరకడని ఆయనకు ఉద్యోగం ఇచ్చారు.

ఉద్యోగం ఆయన నిజాయితీగానే చేశాడు. రేడియో వినే హెడ్‌ఫోన్ల కోసం పంపిన అర్జీ ఇంకా తిరిగి రాలేదు కనుక ఒక పెద్ద స్పీకరు ఇచ్చారు. దాన్ని పూర్తి మోతలో పెట్టి, అరచేయి బల్ల మీద ఉంచేవాడు. బల్ల అదిరితే ప్రసారం మొదలైనట్టు, అదురు ఆగితే ముగిసినట్టు. మధ్యలో ఆయనకు ఏమీ వినపడలేదు కనుక, విన్నది మాత్రమే రాయాలన్న నిబంధన ప్రకారం, ప్రత్యేకం ఏమీ లేదని రాసేవాడు.

ఇదంతా తెలిసిన మనిషి ఆయన భార్య మంగ ఒక్కతే. ఆమె కూడా ఆయన పనిచేసిన కార్ఖానాలోనే నూలు బాబిన్లు చుట్టింది, కానీ పక్క గదిలో. గోడ అడ్డం ఉండటం వల్ల ఆమె చెవులు మిగిలాయి. రోజూ ఒంటిగంటకు భోజనం డబ్బా తెచ్చి, ఆయన తినే దాకా ఒక మూల కూర్చుంటుంది. వార్తలు వద్దన్నా చెవిన పడతాయి. ఆమె వాటిని పట్టించుకునేది కాదు. వార్తల చివర చదివే కూలీల పేర్లకు మాత్రం చేతిలో పని ఆపేది.

మంగకు పరుశురాం అని ఒక తమ్ముడు. తల్లి పోయాక ఆమే పెంచింది. సూరత్ తెచ్చుకుని సాంచ మీద పెట్టించింది. పదకొండేళ్ళ కింద వాడు గల్ఫ్ పోయాడు. బొంబాయి బండి ఎక్కాక కిటికీలోంచి, "అక్కా, ఎండ కొడ్తున్నది, లోపటికి జరుగు" అన్నాడు. ఆమె నీడలోకి జరిగింది. జరిగి తిరిగి చూసేసరికి బండి కదిలింది. ఆ రెండడుగులు ఎందుకు వేశానా అని ఆమె ఇప్పటికీ అనుకుంటుంది. మూడేళ్ళ కింద ఫోన్ చేసి, పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయిందనీ, వేరే చోటికి పారిపోతున్నాననీ, ఈ నంబరు ఇక ఉండదనీ చెప్పాడు. అదే ఆఖరు.

ఒక మంగళవారం రేడియో వాళ్ళు, కాగితాలు లేక పట్టుబడి క్షమాభిక్ష పొందినవాళ్ళ పేర్లు చదివారు. నాలుగో పేరు పరుశురాం. తండ్రి రాజలింగం, జిల్లా జగిత్యాల, అక్క సూరత్. ఏడు రోజుల్లోగా ఇతడు మా మనిషేనని అతని దేశపు ప్రభుత్వ కార్యాలయం నుంచి ఉత్తరం రావాలి. రాకపోతే 'ఎవరూ అడగనివారి' జాబితాలో చేరతాడు.

మంగ చేతిలోంచి రొట్టె జారింది. ఆమె ఎదురుగా లింగమూర్తి బల్ల మీద అరచేయి ఉంచి, రెండో చేత్తో "ప్రత్యేకం ఏమీ లేదు" అని రాస్తున్నాడు.

ఆమె వెళ్ళి ఆయన ముందు నిలబడి గొంతు లేకుండా పెదాలు ఆడించింది. "మన పరుశురాం పేరు చదివిండ్రు!"

"ఎవలు?"

"నీ ముంగట మొత్తుకుంటున్న గా స్పీకరు డబ్బనే! ఏడు దినాలే టైమున్నదట. రాయి."

"జర మెల్లగ అను, సారు ఉన్నడు," అని ఆయన కూడా పెదాలతోనే కసిరాడు. "నేను విన్లే. విననిది రాస్తే అబద్ధం రాసినట్టు. ముప్పై ఏండ్లు సాంచ మీద ఒక్క పోగు అబద్ధం నెయ్యలే."

"నీ నిజం పాడుగాను! రెండేండ్ల సంది ఏం విన్నవని రాస్తున్నవ్?"

"ఏం విన్లేదనే గద రాస్తున్న."

 ఆమె నేరుగా భుజంగరావు గారి గదిలోకి పోయింది.

భుజంగరావు గారు మంచివారు. కుర్చీ వేయించారు, మంచినీళ్ళు ఇప్పించారు. "మీరు విన్నారా అమ్మా? అయ్యో, మీరు వినకూడదే!" అని నొచ్చుకున్నారు. పుస్తకం తీసి నిబంధన చదివి వినిపించారు. "మీరు విన్నది వినబడనట్టే. మీ తమ్ముడి సంగతి వ్యక్తిగతంగా నాకు చాలా బాధ కలిగించింది. కానీ చూడమ్మా, వ్యక్తిగతంగా నాకిక్కడ పోస్టు లేదు."

"సారూ, ప్రసారం రికార్డు అయితది గద, మీరే ఒక్కపారి పెట్టి వినుండ్రి."

"నేను ఆఫీసర్నమ్మా. శ్రోతను కాను."

మర్నాడు ఆమె జిల్లా కలెక్టరు కార్యాలయానికి పోయింది. అక్కడి గుమస్తా కూడా మంచివాడే. "రేడియో మే సునా? కిస్‌నే సునా, మాసీ?" అని, విన్నది ఎవరని హిందీలో అడిగాడు. తానే విన్నానంది. ఎక్కడన్నా రాసి ఉందా అన్నాడు. లేదంది. అతను జాలిపడి, ఇదే సూరత్‌లో విదేశీ వార్తలు వినడానికే సర్కారు ఒక ఆఫీసు పెట్టిందనీ, ఆ రోజు నివేదిక నకలు తెస్తే ఉత్తరం ఐదు నిమిషాల్లో టైపు చేసిస్తాననీ హామీ ఇచ్చాడు. ఆ ఆఫీసుకు దారి కూడా కాగితం మీద గీసిచ్చాడు.

బస్తీ వాళ్ళు ఊరుకోలేదు. సూరత్ తెలుగువాళ్ళకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. మూడువందల పన్నెండు మంది సభ్యులు. మంగ చెప్పిన సంగతి ఎవరో అందులో పెట్టారు. అందరూ దండం బొమ్మలు పెట్టారు. కళ్ళనీళ్ళ బొమ్మలు పెట్టినవాళ్ళూ ఉన్నారు. ప్రతి ఒక్కరూ మరో పదిమందికి పంపారు. ఆ కబురు సూరత్ పక్కనున్న కిమ్ దాటి, కరీంనగర్ దాటి, గల్ఫ్ దాకా పోయి, మూడో రోజుకు 'చాలాసార్లు పంపబడింది' అన్న గుర్తుతో తిరిగి మంగ ఫోన్‌కే వచ్చింది. కలెక్టరు దగ్గరికి నాతో ఒక్కరు రండని ఆమె అడిగితే మాత్రం ఆ రోజు అందరికీ షిఫ్టు ఉంది.

ఐదో రోజున డబ్బా మూత తీయకుండానే మంగ మొగుడి ముందు కూర్చుంది. పెదాలు కూడా ఆడించలేదు. ఆయన అరచేతిని బల్ల మీద నుంచి తీసి, తన గొంతు మీద పెట్టుకుని, తమ్ముడి పేరు గట్టిగా పలికింది. ఆ అదురు ఆయన చేతికి తగిలింది.

ఆ రోజు నివేదికలో లింగమూర్తి వార్త రాశాడు. పరుశురాం పేరు, తండ్రి పేరు, జిల్లా, గడువు. కింద సంతకం చేశాడు.

ఏడువందల ముప్ఫై నివేదికల తరువాత ఒక వార్త రావడంతో కార్యాలయం కంపించింది. భుజంగరావు గారు రెండు సార్లు చదువుకుని చెమట తుడుచుకున్నారు. దీన్ని రెండవ చెవి ధ్రువీకరించాలి. ఆ పోస్టు ఖాళీ. అటువంటప్పుడు మొదటి చెవి సామర్థ్యాన్ని వైద్యుడు ధ్రువీకరించాలని ముప్ఫై ఒకటో నిబంధన. ఆరో రోజున లింగమూర్తిని ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని పది మాటలు అన్నాడు. లింగమూర్తి ఫైలు మీది పేరు చూస్తూ కూర్చున్నాడు. ఇతనికి రెండు చెవులూ ఎన్నో ఏళ్ళుగా వినపడవని డాక్టరు రాసిచ్చాడు.

ఏడో రోజు సమావేశం. హాజరు ముగ్గురు. మూడో మనిషి మంగ. ఆమెను గుమ్మం బయట కూర్చోబెట్టారు. భుజంగరావు గారు నిలబడి ప్రసంగించారు.

"మిత్రులారా! సంస్థకు ఇది పరీక్షా సమయం. శ్రోతకు వినికిడి లేదని రుజువైనందున, మొన్నటి అంశం వినబడే అవకాశం లేదు. కనుక దాన్ని కొట్టివేయడమైనది. పోతే, గత ఏడువందల ముప్ఫై నివేదికల మాటేమిటని సందేహం రావచ్చు. వాటిలో ధ్రువీకరించవలసిన అంశమే లేదు గనుక అవి చెక్కుచెదరకుండా నిలుస్తాయి. లింగమూర్తి గారి సేవలను సంస్థ మరువదు. ఆయనను తొలగిస్తే కారణం రాయాలి. రాస్తే ప్రశంసాపత్రానికి మచ్చ. కనుక ఆయనను రెండవ చెవిగా పదోన్నతిపై నియమిస్తున్నాను. ఇతరులు విన్నదానితో ప్రభావితం కాని మనిషే ధ్రువీకరణకు తగినవాడు."

మొదటి చెవి పోస్టు అలా ఖాళీ అయింది. భర్తీకి అర్జీ ఢిల్లీకి పంపారు. ఈలోగా నివేదిక ఆగకూడదు కనుక రెండవ చెవే రాస్తోంది.

డబ్బాలు తెచ్చే కుటుంబసభ్యులు ఇకపై కింది మెట్ల దగ్గరే ఆగాలన్న కొత్త నిబంధన కూడా ఆ రోజే వచ్చింది. ఎనిమిదో రోజున మంగ మెట్ల మీద కూర్చుంది. స్పీకరు పూర్తి మోతలోనే ఉంది కనుక అక్కడికీ వినపడింది. ఎవరూ అడగనివారి జాబితాలో పరుశురాం పేరు మొదట చదివారు. వీళ్ళను వేరే చోటికి తరలిస్తామన్నారు. ఎక్కడికో చెప్పలేదు.

అయినా ఆమె రోజూ వస్తోంది. మెట్ల మీద కూర్చుని పేర్లు వింటుంది. నెల తరువాత ఒక పేరు వినపడింది. దశరథం, తండ్రి మల్లయ్య, అన్న సుమన్, సూరత్‌లో ఉన్ అనే బస్తీలో ఉంటాడు. ఏడు రోజులు గడువు.

మంగ డబ్బా అక్కడే వదిలేసి, రెండు ఆటోలు మారి, ఉన్ చేరింది. పది ఇళ్ళు అడిగి సుమన్ ఇల్లు పట్టుకుంది. అతను షిఫ్టు నుంచి వచ్చి అన్నం తింటున్నాడు. ఎంగిలి చేత్తోనే తలుపు తీశాడు.

"మీ దశరథం పేరు రేడియోల చదివిండ్రు బిడ్డా. ఏడు దినాలల్ల కాగితం పోవాలె."

"ఎవలు చెప్పిండ్రు?"

"నేను విన్న."

"నువ్వెవలవ్వా?"

లింగమూర్తి భార్యనని ఆమె చెప్పింది. అతను మర్యాదగానే విన్నాడు.

"సర్కార్ ముద్ర ఉన్న కాగితం ఏమన్న ఉన్నదా? లేదు గద! ఊకె ఎవలో చెప్తె ఎట్ల నమ్ముతం? మా తమ్ముడు మంచిగనే ఉన్నడు, ఫోన్ ఖరాబైంది, గంతే. గిట్లాంటివి మస్తు వస్తున్నయ్. మొన్న గూడ ఎవలో పరుశురాం అట. దండం బొమ్మ పెట్టి మేం గూడ అందరికి పంపినం. నిజమో కాదో ఎవలకెరుక!"

మంచినీళ్ళు తాగుతావా అని అడిగాడు. ఆమె వద్దంది. అతను తలుపు వేశాడు.

 మంగ అరచేయి తలుపు మీద ఉంచింది. తలుపు సన్నగా అదురుతోంది. లోపల టీవీ పూర్తి మోతలో ఉంది. ఎక్కడో పరాయి దేశంలో జరుగుతున్న యుద్ధం గురించి చెబుతున్నారు. ఇంటిల్లిపాదీ చాలా శ్రద్ధగా వింటున్నారు.