డ్రాగన్ మీదికి నలభై కోళ్లు

ఆ ఆదివారం పొద్దున్నే ఇంట్లో ఒప్పందం కుదిరిపోయింది. భోజనాల బల్ల మీద మూడు వారాలుగా తిష్ఠ వేసిన డ్రాగన్ మధ్యాహ్నంలోపు చావాలి. లేదంటే ఆట మొత్తం అటకెక్కాలి, మళ్లీ దిగకూడదు. "అమ్మా నాన్నా భోజనానికొస్తున్నారు. వడ్డించాల్సిన చోట మీ కొండలూ గుహలూ పరుచుకుని కూర్చుంటే నేనూరుకోను," అని భార్య క్లెయిములాయనకు తేల్చి చెప్పేసింది.

క్లెయిములాయన అంటే బీమా ఆఫీసులో క్లెయిములు చూసే ఉద్యోగి. క్లాజులో ఏ మూలో నక్కిన మాటను పట్టుకుని ఎంత పెద్ద క్లెయిమునైనా బోర్లా పడేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆదివారాల్లో మాత్రం గొడ్డలి పట్టిన వీరుడు. ఆ ఆటలో తలా ఓ పాత్ర. గళ్ల పటం మీద బొమ్మలు జరుపుతూ, పాచికలు వేసి పోరాడతారు. భార్య విలుకత్తె, పక్కింటి పళ్ల డాక్టరు మాంత్రికుడు. కథ నడుపుతూ శత్రువుల తరఫున ఆడేది బావమరిది. అతనికో చాదస్తం ఉంది: బల్ల దగ్గర ఎవరేమన్నా ఆటలో అన్నట్టే లెక్క. ఓసారి డాక్టరు "నిద్రొస్తోంది" అన్న పాపానికి మాంత్రికుణ్ణి యుద్ధం మధ్యలో పడుకోబెట్టేశాడు.

భార్య స్నానానికి వెళ్లగానే క్లెయిములాయన రూల్సు పుస్తకం తెరిచాడు.

"ఇదిగో నా శక్తి. పోరుకి ఒక్కసారి, పక్కన నిలబడ్డ మిత్రులకి తలా ఒక పాచిక చొప్పున అదనంగా వెయ్యొచ్చు. అవునా?"

"అవును బావా. మీకున్నది ఇద్దరేగా."

"ఇద్దరేంట్రా! పోయిన వారం డాక్టరుగారు సంతలో నలభై కోళ్లు కొన్నారు కదా!"

బావమరిది నోరు వెళ్లబెట్టాడు. "కోళ్లు మిత్రులెలా అవుతాయి?"

"మిత్రుడంటే మనిషే అయ్యుండాలని ఎక్కడుందో చూపించు. మాతో కలిసి నడుస్తున్నాయి, మా గింజలు తింటున్నాయి, ఇంతవరకూ మాకే కీడూ తలపెట్టలేదు. మా ఆఫీసులో అంత మంచివాళ్లు ఒక్కరూ లేరు."

"కొన్నది కోసుకు తినడానికండీ," అని డాక్టరు నసిగాడు.

"అది రేపటి మాట. రూలు ఇవాళ్టి సంగతి అడుగుతోంది."

బావమరిది బుర్ర గోక్కున్నాడు. "సరే, కోళ్లు మిత్రులే. కానీ పటం మీద కనపడాలి. నలభైనీ నిలబెట్టండి."

అన్ని బొమ్మలు ఎక్కణ్ణించి వస్తాయి? క్లెయిములాయన వంటింట్లో దూరాడు. భార్య పొద్దుట్నుంచీ వలిచిన బఠానీలు గిన్నెలో నవనవలాడుతున్నాయి. తెచ్చి పటం మీద పోస్తే అవి నాలుగువైపులా పరుగు లంకించుకున్నాయి. పాపం, డాక్టరు బల్ల కింద పాకుతూ మిత్రుల్ని ఏరుకొచ్చాడు. దొర్లకుండా ఉండాలని క్లెయిములాయన మళ్లీ వెళ్లి, కలిపి మూతపెట్టిన పిండి ముద్ద పట్టుకొచ్చి, ఒక్కో బఠానీ కింద చిటికెడు అతికించాడు. పిండి చేతులకంటింది, చేతుల నుంచి పుస్తకానికంటింది, పేజీలు రెండు కరుచుకుపోయాయి.

సరిగ్గా అప్పుడే భార్య తల తుడుచుకుంటూ వచ్చింది.

"నా బఠానీలు! అయ్యో, నా పిండి!"

"అవి బఠానీలు కావే, మిత్రులు."

ఆవిడ కుర్చీలో ధబీమని కూర్చుంది. "ఓహో! అయితే వాళ్లతోనే కాపరం చెయ్యండి. ఈ క్షణం నుంచీ నేను మీ మిత్రురాల్ని కాను, మీ పక్షమూ కాను. రాసుకోండి!"

బావమరిది నిజంగానే రాసుకున్నాడు. ఇంతలో ఫోను మోగింది. పెద్దవాళ్లు బస్సు దిగారట. క్లెయిములాయన గాభరాగా పాచికలు గుప్పిట పట్టాడు.

"ఆగండి బావా. కోళ్లని నిలబెట్టడంతో మీ వంతు అయిపోయింది. ఇప్పుడు డ్రాగన్ వంతు."

డ్రాగన్ నోరు తెరిచి ఒక్క ఊపిరి ఊదింది. నలభై కోళ్లూ మాడి మసైపోయాయి. వీరుడూ మాంత్రికుడూ డాళ్ల చాటున బతికి బయటపడ్డారు. వాళ్ల పక్షం కాని విలుకత్తె జోలికి అది పోనేలేదు.

"పోతే పోయాయి. నా వంతు రానీ, దాని పని చెబుతా."

"ఇప్పట్లో రాదు బావా. మీరు అతికించేసిన పేజీలో ఇంకో రూలుంది. మిత్రుడు పోతే, పోయిన ప్రాణానికి ఒక వంతు చొప్పున శోకంలో కదలకుండా కూర్చోవాలి. అంటే మీకూ డాక్టరుగారికీ నలభై వంతులు."

"కోళ్లకి శోకమేంట్రా, నీ మొహం!"

"మిత్రులు కదా. మీరే నిరూపించారు."

సొంత క్లాజు సొంత మెడకు చుట్టుకోవడం క్లెయిములాయనకు అదే మొదటిసారి. వీధిలోంచి మామగారి గొంతు వినిపిస్తోంది. ఆట అటకెక్కడం ఖాయమైపోయిందని ఆయనకు ఏడుపొక్కటే తక్కువైంది.

"అక్కా, నీ వంతు."

"నాకు లేదా శోకం?"

"నువ్వు వీళ్ల మిత్రురాలివి కాదుగా. రాసుకున్నాను."

ఆవిడ పటంకేసి చూసింది. ఊదిన డ్రాగన్ ఊపిరి కూడగట్టుకోలేక నోరు బార్లా తెరిచి రొప్పుతోంది.

"పై వరుసలో చివరి పన్ను వెనక చూడండమ్మా, అక్కడ చాలా మెత్తగా..." అని డాక్టరు ఆశగా అందుకున్నాడు.

"శోకంలో ఉన్నవాళ్లు సలహాలివ్వకూడదు," అని బావమరిది కసిరాడు.

ఆవిడ తెరిచిన ఆ నోట్లోకే బాణం వదిలి పాచిక విసిరింది. అది దొర్లి దొర్లి, ఒక బఠానీకి తగిలి, పెద్ద అంకె చూపించి ఆగింది. డ్రాగన్ కూలింది.

పెద్దవాళ్లు చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని వచ్చేసరికి బల్ల అద్దంలా ఉంది. భోజనాల వేళకి మిత్రులందరూ స్నానం చేసి కూరలో చేరిపోయారు. "వచ్చే ఆదివారం ఆటలో కోడి మాటెత్తారో, నా సంగతి తెలుసుగా," అని భార్య వడ్డిస్తూ మెల్లగా అంది. వచ్చే ఆదివారం ఆట ఉందన్నమాట! క్లెయిములాయన ప్రాణం లేచొచ్చింది.

"బఠానీ కూర అదిరిపోయింది. మీరు వేసుకోరేం అల్లుడుగారూ?" అన్నారు మామగారు.

క్లెయిములాయన గిన్నెలోకి ఓసారి చూసి పక్కకు జరిపాడు. రూలు ప్రకారం ఆయనకింకా ముప్ఫై తొమ్మిది వంతుల శోకం మిగిలే ఉంది.