మెంతస్ అయినట్టు రుజువు

మనిషి పుట్టడానికి ఒక తల్లి చాలు. వేరుపడటానికి మాత్రం ఒక ప్రభుత్వం కావాలి. జావాలోని కాలిసెరుత్ వార్డు ఆఫీసు ఈ సత్యాన్ని ఏడు కాగితాల్లో నిరూపించింది.

పెళ్లయి నలభై రోజులైన లారస్‌కి కావలసింది చిన్నదే: తనకీ భర్త సెత్యోకీ వేరే కుటుంబ కార్డు. శుక్రవారంలోగా అది చూపిస్తే కాలవగట్టు మీది రెండు గదుల ఇల్లు వాళ్లది. కార్డులో ఇద్దరికి మించి పేర్లుంటే ఇవ్వనని ఇంటావిడ ముందే చెప్పింది (బావిలో నీళ్లు తక్కువ). అప్పుడే ఆ ఇంటి కిటికీకి పసుప్పచ్చ గుడ్డ కూడా కొనేసింది లారస్.

"ఏడో గడి ఖాళీగా వదిలేశావేం తల్లీ?" అన్నాడు గుమాస్తా పాక్ మర్జుకి (పెద్దవాళ్లలో మగవాళ్ల పేరు ముందు పాక్, ఆడవాళ్ల పేరు ముందు బు అనడం అక్కడి మర్యాద). "మెంతస్ అయ్యారా, లేదా?"

"పెళ్లయింది కదండీ!"

"పెళ్లి వేరు, మెంతస్ వేరు. ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? నీళ్లలో. మునిగినవాడు ఒడ్డెక్కితే మెంతస్. పిల్లలు తమ కాళ్ల మీద నిలబడినా అదే మాట. మీరు ఒడ్డెక్కారో లేదో మేం వచ్చి చూడాలి."

(చూసే పద్ధతిని వంటింటి ఉపసంఘం ఎప్పుడో ఖరారు చేసింది: ఒక పొయ్యి మీద వండేవాళ్లంతా ఒక కుటుంబం.)

గురువారం తనిఖీ. అత్తగారింటి వెనక వసారాలో లారస్ కొత్త పొయ్యి పెట్టింది, రెండు పళ్లేలూ మెరిసేదాకా తుడిచింది, అన్నం వండింది. కొత్తకోడలి పొయ్యి మీద ఉత్త అన్నమేనా, పరువేం కావాలని, అత్తగారు బు కస్తినా పనసకాయ తరిగి అక్కడే కొబ్బరిపాల కూర వండేసింది.

మర్జుకి మూత తీశాడు. "ఈ కూర ఎవరు చేశారు?"

లారస్ నోరు తెరిచేలోపే, "ఇంత రుచిగా ఇంకెవరు చేస్తారయ్యా? నేనే!" అంది బు కస్తినా.

"అమ్మా!" అన్నాడు సెత్యో.

"నువ్వుండరా. పాపం, ఆయన ఆకలి మీదున్నాడు."

ఆయన రెండుసార్లు వడ్డించుకుని, తర్వాత నిష్పక్షపాతంగా రాసుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే కార్డు వచ్చింది. అందులో మూడు పేర్లు: సెత్యో, లారస్, కస్తినా.

"అత్తయ్య పేరు తీసెయ్యండి బాబూ!" అంది లారస్, ఏడవలేక నవ్వుతూ.

"దానికేం తల్లీ, ఆవిడ మెంతస్ అయినట్టు రుజువు పట్రా."

నలుగురి పాత కార్డులో మామగారు పాక్ విర్యో ఒక్కడే మిగిలాడు. ఆయన ఆ కార్డు జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు. మధ్యాహ్నానికల్లా కాలవగట్టు ఇంటి తాళంచెవి ఆయన చేతిలో ఉంది.

అరవై మూడో ఏట పాక్ విర్యో సంపూర్ణంగా ఒడ్డెక్కినట్టు ఆఫీసు ముద్ర వేసి ధ్రువీకరించింది.