ఒడిలో పడ్డ గుండెపొడి

గుండె గట్టిగా ఉండాలంటే ఏం కావాలి? నడకా? కాదు. ఉప్పు తగ్గించడమా? అదీ కాదు. ఒక వియ్యపురాలు కావాలి! ఆమె చేతిలో ఒక డబ్బా కావాలి!

నవ్వకండి. మా జహీరాబాద్‌లో ఇప్పుడు వైద్యమంతా చుట్టరికం మీదే నడుస్తోంది. గుండెకొక పొడి, షుగర్‌కొక క్యాప్సూల్, కొవ్వు కరగడానికొక షర్బతు. ఇవి మందుల షాపులో దొరకవు. మేనత్త దగ్గర, తోడల్లుడి దగ్గర దొరుకుతాయి. పెళ్లి పత్రిక పంచినా రాని చుట్టాలు డబ్బా పట్టుకొని ఎర్రటి ఎండలో వస్తున్నారు. బంధుప్రేమను మించిన విటమిన్ ఏముంది?

పొడి మహిమ చిన్నదేం కాదు. చిరాగ్‌పల్లి సాయన్న రెండు చెంచాలు కలుపుకొని తాగి హైవే ఎక్కాడట. బస్సు ఆపకుండా పోతే వెంటపడ్డాడట. పరుగు జోరు మీద బస్సును దాటిపోయి, కర్ణాటక హద్దు దాటి హుమ్నాబాద్‌లో నిలబడి అదే బస్సుకు చెయ్యెత్తాడట! నేను చూడలేదు. అబద్ధమైతే సాయన్న చెప్పులు అంతలా ఎందుకు అరిగినట్టు?

మొన్నటి వానాకాలంలో ఈ భాగ్యం మా ఇంటికీ వచ్చింది. మా బిడ్డ శ్రుతి అత్తగారు గిరిజమ్మ న్యాల్‌కల్ నుంచి షేర్ ఆటోలో వచ్చి దిగింది. నా భార్య అనంతమ్మను పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, రవికె బట్ట, కొబ్బరికాయ ఒడిలో పెట్టింది. వాటి మీద డబ్బా పెట్టింది! ఒడిలో పడ్డదాన్ని తిరిగిచ్చే ఆచారం మా ఇళ్లలో లేదు. డబ్బా వద్దంటే, దాని డబ్బులివ్వనంటే, వియ్యపురాలిని వద్దన్నట్టే. ఎంత ఎంబీఏ చదివితే తట్టాలి ఈ మార్కెటింగు!

"పొద్దుగాల ఒక చెంచ, రాత్రికొక చెంచ, వదినా. ఇగ ఆ దవాఖాన గోలీలు బంద్ చెయ్యి. ఒంటికి గరం జేస్తయి," అంది గిరిజమ్మ.

"మరి నా బీపీ?"

"దీన్ని జూస్తెనే ఉరుకుతది. నన్ను సూడు, ఎట్లున్న!"

నిజమే, గుండ్రాయిలా ఉంది. అనంతమ్మ ఆ రోజే బీపీ గోళీలను బియ్యం బస్తా వెనక పడేసింది.

నేను కళ్లజోడు తగిలించుకొని డబ్బా చదివాను. అవిసెలు, కొర్రలు, మెంతులు. మన ఝరాసంగం చేలల్లోంచి గోనెసంచిలో పోయిన అవిసెలే! పట్నంలో సూటు కుట్టించుకొని తిరిగొచ్చాయి. ముందువైపు అరచేయంత గుండె బొమ్మ. వెనక చీమ కాళ్లంత అక్షరాల్లో 'ఇది మందు కాదు' అని ఉంది. కంపెనీ నిజాయితీ చూడండి! బొమ్మ గీసి గీసి అలసిపోయారు పాపం, నిజం రాయడానికి చోటు మిగల్లేదు.

"ఇగో, మందు గాదని వాళ్లే రాసిన్రు," అన్నాను.

"నీకన్నీ తమాషాలే. వదిన ఒడిల పెట్టింది. తినకుంటె అక్కడ బిడ్డకు మాటొస్తది."

ఆ మాటతో గ్లాసు, చెంచా నేనే అందించాను.

పొడి పని మొదలుపెట్టింది. ముందు తల తిరిగింది. ఒంట్లో చెడు పోతోంది, మంచిదేనంది ఫోన్లో గిరిజమ్మ. తర్వాత కళ్ల ముందు మిణుగురులు. అదీ మంచిదేనట! ఒక పొద్దున జొన్నరొట్టె తడుతూ తడుతూ మనిషి పక్కకు ఒరిగిపోయింది. పిలిస్తే నాలుక మడతబడింది. ఇది కూడా మంచిదేనా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆటోలో వేసుకొని సర్కారు దవాఖానకు పరుగెత్తాను.

డాక్టరమ్మ శోభారాణి బీపీ చూసింది. నమ్మలేక మళ్లీ చూసింది.

"గోలీలు ఎవరు ఆపమన్నరు? ఇంకో పూట ఆగితే కాలు చెయ్యి పడిపోతుండె!"

ఎవరని చెప్పను? చుట్టరికం!

మరునాటికి అనంతమ్మ తేరుకుంది. ఆమె గోళీల కోసం దవాఖానలోనే వరుసలో నిలబడ్డాను. నా ముందు ఒకామె ముక్కు దాకా కొంగు కప్పుకొని ఉంది. నెలకు సరిపడా బీపీ గోళీలు తీసుకొని వెనక్కి తిరిగింది. గిరిజమ్మ!

"ఏం చెల్లే, నీ డబ్బ ఏడ వోయింది?" అన్నాను.

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "డబ్బ అమ్మెతందుకు, అన్నా. గోలీ మింగెతందుకు. మా ఊళ్లె తీసుకుంటె మంది జూస్తరని గింత దూరం వచ్చిన."

"మా ఆమె లోపల మంచం మీదుంది, పో, చూసిరా."

కొంగు జారిపోయింది. మళ్లీ కప్పుకోవడం ఆమెకు గుర్తు లేదు.

కనుక పాఠకులారా, డబ్బా తెచ్చిన చుట్టాన్ని కసురుకోకండి. మంచినీళ్లివ్వండి. రొండిన దోపుకున్న గోళీల పట్టీ ఒక్కసారి చూపించమనండి, చాలు.

అనంతమ్మ మాత్రం ఒక్క దురుసు మాట అనలేదు. గిరిజమ్మ మా ఇంటికి పరామర్శకు వచ్చిన రోజు పీట వేసింది. బొట్టు పెట్టింది. రవికె బట్ట, కొబ్బరికాయ ఒడిలో పెట్టి, వాటి మీద ఆ డబ్బా పెట్టింది. పక్కన చెంచా కూడా!

"జర తిను, వదినా. నా ముంగటనే తిను."

గిరిజమ్మ నా వైపు చూసింది. నేనేం చేయను? ఒడిలో పడిపోయింది కదా!