ఉక్కు మాస్టారి నక్షత్రాలు

ఉక్కు మాస్టారు ఎత్తలేని బరువంటూ లేదు, మోగుతున్న ఫోను తప్ప.

మందుల షాపు పైన, మొదటి అంతస్తులో ఆయన జిమ్. సాయంత్రం పదిహేను మంది కుర్రాళ్ళు వచ్చి, అద్దంలో తమని తాము చూసుకుని వెళ్ళిపోతారు. పొద్దున్న ఎవరూ రారు. మాస్టారొక్కడే నిలబడి అద్దంలో తనని తాను చూసుకుంటాడు.

ఆ ఖాళీ హాలు మీద ఆయన భార్య కన్ను పడింది. ఆమె ఇంటి ముందు గదిలో సోఫాని నిలబెట్టి, బల్లని మంచం మీదకెక్కించి, ఎనిమిది మంది ఆడవాళ్ళకి వ్యాయామం నేర్పుతోంది. తొమ్మిదో ఆవిడ వస్తే కాళ్ళు ముందు గదిలో, చేతులు వంటింట్లో.

"ఏమండీ, పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా ఆ హాలు నాకిచ్చెయ్యండి."

"అది ఉక్కు తయారయ్యే చోటు. మీ చేతులూపుడు కార్యక్రమానికి కాదు."

"ఉక్కు సాయంత్రం తయారవుతోందిగా. పొద్దున్న తుప్పే కదా."

మాస్టారికి పౌరుషం వచ్చింది. పౌరుషం వచ్చినప్పుడల్లా ఆయన గడువు పెడతాడు. నెలాఖరులోగా పొద్దుటి హాలుని జనంతో నింపుతానన్నాడు. నింపలేకపోతే హాలు ఆమెది. సాక్షి మాస్టారి అత్తగారు. వారం రోజులుండి పోదామని వచ్చిన మనిషి. ఆ వారం మొదలై మూడేళ్ళయింది.

మాస్టారి దగ్గర ఉపాయం ఉంది. జనం ఇప్పుడు వీధిలో బోర్డులు చూడరు, ఫోన్లో పటం చూస్తారు. 'దగ్గర్లో జిమ్' అని వెతికితే ఆయనది ఐదో పేరు. నాలుగో జిమ్ మూసేసి ఏడాదయింది.

ఆ రోజే కూర్చుని పటంలో జిమ్ వివరాలు నింపాడు. యజమాని ఫోను నంబరు అడిగితే భార్యది రాశాడు. "ఫోన్లు నువ్వెత్తు. బరువులు నేనెత్తుతా." సరిచూసే కోడ్ ఆమె ఫోనుకొచ్చింది. ఆమె చదివింది, ఆయన కొట్టాడు. అక్కడితో భార్య పని అయిపోయిందనుకున్నాడు.

తర్వాత ఫోటో. పెళ్ళి కాకముందు, పొట్ట రాకముందు తీయించుకున్నది పెట్టాడు.

"ఎవరండీ ఈయన?"

"నేనే!"

"ఈయన్ని చూసే నేను పెళ్ళికి ఒప్పుకున్నా. ఆ తర్వాత మళ్ళీ కనబడలేదు."

వ్యాపారం ఏ రకమో చెప్పమంటే, ఉన్న గడులన్నిటికీ టిక్కులు పెట్టాడు. నాట్య శిక్షణ, నడుం నొప్పి నివారణ, ఈత కొలను. మూడో రోజు ఒక కుటుంబం గాలి ఊదిన రబ్బరు చక్రాలతో మెట్లెక్కి వచ్చింది. పిల్లలు అప్పటికే చొక్కాలు విప్పేశారు.

"కొలను ఎక్కడండీ?"

"ఆలోచనలో ఉంది," అన్నాడు మాస్టారు.

పెద్దమనిషి హాలంతా చూశాడు. మూలనున్న నీళ్ళ డ్రమ్ము దగ్గర చూపు ఆపాడు. పిల్లలకి చొక్కాలు తొడిగి తీసుకుపోయాడు.

మాస్టారు వెనక్కి తగ్గలేదు. జిమ్ సందులో ఉంది కాబట్టే జనం రావడం లేదని తేల్చాడు. పటంలో గుర్తుని వేలితో పట్టుకుని పెద్ద రోడ్డు మీదకి జరిపాడు. అది వెళ్ళి పళ్ళ డాక్టరు ఆసుపత్రి మీద కూర్చుంది.

మర్నాడే డాక్టరు తెల్లకోటుతో మెట్లెక్కి వచ్చాడు.

"మాస్టారూ, నిక్కర్లేసుకున్నవాళ్ళు నలుగురొచ్చారు నా దగ్గరికి. ఒకడు నా కుర్చీలో వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ పైకి చాపి, బరువేదండీ అన్నాడు."

"మీరేం చేశారు?"

"నోరు తెరవమన్నా. రెండు పుచ్చుపళ్ళున్నాయి. వ్యాయామం తర్వాత చూసుకోవచ్చని చెప్పా."

మాస్టారి జిమ్‌కి రావలసినవాళ్ళలో అలా ఒకడు పళ్ళ వైద్యంలో చేరిపోయాడు.

ఇక మిగిలింది పటంలో జిమ్‌కి జనం ఇచ్చే నక్షత్రాలు. సాయంత్రం కుర్రాళ్ళని వరసగా నిలబెట్టి చెప్పి రాయించాడు: "మాస్టారు దేవుడు. ఇక్కడ చేరాక నా జీవితమే మారిపోయింది. అయిదు నక్షత్రాలు." పదిహేను మందీ ఒకే గదిలో, ఒకే గంటలో, ఒకే మాట రాశారు. దొంగ పొగడ్తలని పటంవాళ్ళు తీసేస్తే, తెల్లారేసరికి పదిహేనూ ఎగిరిపోయాయి. ఒక్కటే మిగిలింది. అది అత్తగారిది.

"జిమ్ శుభ్రంగా ఉంటుంది. పొద్దున్న ఎవరూ రారు కాబట్టి మాయదు. మాస్టారు మా అల్లుడు. మంచివాడే. నా గదిలో ఫ్యాను బాగుచేస్తానని ఏడు నెలల నుంచి చెబుతున్నాడు. రెండు నక్షత్రాలు."

కింద అరవై రెండు మంది ఇది తమకు ఉపయోగపడిందని రాశారు.

"అత్తయ్యగారూ, రెండేమిటండీ?"

"ఒకటి జిమ్‌కి, ఒకటి మా అమ్మాయికి బాబూ."

"మరి నాకు?"

"ఫ్యాను తిరగనీ."

మాస్టారు అప్పటికప్పుడు స్టూలెక్కి ఫ్యాను తిప్పాడు. మూడో నక్షత్రం వచ్చింది. పెళ్ళయ్యాక అత్తారింటి నుంచి ఆయనకు దక్కిన మొదటి కానుక అదే.

ఈ హడావుడిలో భార్య ఎప్పుడు చూసినా ఫోన్లోనే ఉంది.

"ఏం చేస్తున్నావే?"

"జవాబులు రాస్తున్నా."

"దేనికి?"

"ప్రశ్నలకి."

మాస్టారు అంతకు మించి అడగలేదు. నక్షత్రాలు లెక్కపెట్టుకునేవాడికి ప్రశ్నలతో పనేముంది?

నెల ఆఖరి రోజు వచ్చింది. పొద్దున్న ఆరింటికి మాస్టారు జిమ్ తెరవబోతే మెట్ల నిండా జనం. తువ్వాళ్ళతో, నీళ్ళ సీసాలతో ఇరవై ఆరు మంది. అందరూ ఆడవాళ్ళే. అదేమీ ఆయనకు పట్టలేదు. ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వెనకాలే వస్తున్న భార్యని చూసి గొంతు పెంచాడు.

"చూశావా? నింపుతానన్నాను. నింపాను. హాలు నాదే!"

"నిండింది, నిజమే. ఎవరు నింపారో వాళ్ళనే అడగండి."

మాస్టారు ముందున్నావిడని ధీమాగా అడిగాడు. "ఏం చూసి వచ్చారమ్మా?"

"ఆడవాళ్ళకి వేరే సమయం ఉందా అని పటంలో అడిగానండీ. నేను వెళ్ళే పాత జిమ్మువాళ్ళని అడిగితే నెలైనా పలకలేదు. ఇక్కడ మేడం పది నిమిషాల్లో జవాబిచ్చారు. దారి చెప్పారు, హాలు ఫోటోలు పెట్టారు, కొలను లేదని కూడా రాశారు." ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరు ఇక్కడ ఊడ్చేవారా?"

ఇరవై ఆరు మందీ లోపలికెళ్ళారు. భార్య చప్పట్లు కొట్టి వరసలో నిలబెట్టింది. మాస్టారు బయట మెట్ల మీద కూర్చుని ఫోను తీశాడు. పటంలో ఆయన జిమ్ అన్నిటికన్నా పైనుంది. గుర్తు సందులోకి తిరిగొచ్చింది. 'పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది: ఆడవాళ్ళకు మాత్రమే.'

దిద్దబోయాడు. యజమాని నంబరు భార్యది కాబట్టి ఖాతా ఆమె ఫోన్లోకి మారిపోయింది, ఇప్పుడు యజమాని మాత్రమే దిద్దగలరట. తనకున్నది ఒకే మీట: 'మార్పు సూచించండి'. నొక్కి, "మగవాళ్ళకు కూడా" అని రాసి పంపాడు.

లోపల ఫోను టింగుమంది. చప్పట్లు ఆగాయి. రెండు క్షణాల్లో మళ్ళీ మొదలయ్యాయి.

మాస్టారి ఫోనుకి జవాబొచ్చింది: "మీ సూచనకు ధన్యవాదాలు. యజమాని పరిశీలించి తిరస్కరించారు."

తలుపు సందులోంచి భార్య గొంతు వినబడింది.

"ఏమండీ, ఇంకా వస్తున్నారు. కాస్త దారివ్వండి."

మాస్టారు గోడవైపు జరిగి కూర్చున్నాడు.